పైసలియ్యని నౌకరికి పరదేశమా?

మా కరీంనగర్ దిక్కు ఎవరైనా దేశం దాటి పోతున్నారంటే అడిగే మొదటి ప్రశ్న "జీతమెంత?" రెండోది "వీసాకు ఎంత కట్టినవ్?" ఇందులో తప్పు పట్టాల్సింది ఏమీ లేదు. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని మూడు బాయిల పేర్లు చెప్పుకుని బతికిన నేల ఇది. జగిత్యాల, సిరిసిల్ల పక్క ఊళ్ళకు పోయి చూడండి, ఇంటికొకరు గల్ఫ్‌లో ఉండి వచ్చినవాళ్ళో, ఇంకా అక్కడే ఉన్నవాళ్ళో దొరుకుతారు. పోవడమంటే అప్పు తీర్చడానికి, స్లాబు వేయడానికి, బిడ్డ పెళ్ళి చేయడానికి. జీతం లేకుండా పిల్లలకు చదువు చెప్పి రావడానికి రెండేళ్ళు పోతానని ఎవరైనా అంటే, ఆ మనిషికి ఏదో అయిందనే అనుకుంటారు.

మా వదినె ఆ మాటే అన్నది. వదినె అంటే మా ఆయనకు అక్క. ఉట్నూరు ఏజెన్సీలో గిరిజన ఆశ్రమ పాఠశాలల్లో టీచరుగా చేసి రిటైరయింది. ఇప్పుడు ఆదిలాబాద్‌లో ఒక్కతే ఉంటుంది. మా బావగారు పోయి తొమ్మిదేళ్ళయింది. ఒక్కడే కొడుకు, డాలస్‌లో ఉంటాడు. వదినెకు దక్షిణాఫ్రికాలోని డర్బన్ నుంచి పిలుపు వచ్చింది. అక్కడి తెలుగువాళ్ళ చిన్న సంఘమొకటి వారాంతపు తెలుగు బడి నడుపుతోంది. ఉండటానికి గది ఇస్తారు, ఒకసారి టికెట్టు పెట్టుకుంటారు, జీతం లేదు. జనవరిలో అక్కడ బడులు మొదలవుతాయి కాబట్టి అప్పటికి చేరాలి.

ఇంట్లో ఈ ముచ్చట మూడు నెలలుగా నడుస్తోంది. ఎవరు ఏమన్నారో అన్నీ రాస్తే చాంతాడంత అవుతుంది. నాకు ఆశ్చర్యం వేసిన మాట ఒకటి మాత్రం చెప్తాను. వదినె కొడుకు ఫోన్లో నాతో అన్నాడు: "అత్తా, పరదేశమే పోవాలనుకుంటే అమ్మ మా దగ్గరికి రావచ్చు గదా. ఊరికే ఎవరికో ఎందుకు చేయాలి?"

ఆ "ఊరికే" అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. వదినె ఇప్పటికే రెండుసార్లు అమెరికా పోయింది. ఒకసారి కోడలి పురుటికి, ఒకసారి ఆ పిల్లవాడిని డేకేర్‌లో వేసేదాకా చూసుకోవడానికి. ఆరు నెలలకు మించి ఉండనివ్వరు కాబట్టి మొదట ఈవిడ, తర్వాత కోడలి తల్లి వంతు. పొద్దున లేచి పాలసీసాలు కడగడం, పప్పూ కూరా వండిపెట్టడం, రాత్రి పిల్లవాడిని భుజాన వేసుకుని తిరగడం. వీధిలోకి పోతే మాట్లాడే మనిషి లేదు, కిటికీ బయట మనిషి జాడ లేదు. దానికి ఎవరైనా జీతం ఇచ్చారా? అడిగారా? మా కాలనీలో యాభై దాటిన ఆడవాళ్ళలో నాకు తెలిసి సగం మంది ఇలా పోయి వచ్చినవాళ్ళే. దాన్ని మాత్రం ఎవరూ ఊరికే చేయడం అనరు, అమెరికా చూసి వచ్చింది అంటారు.

మనవడిని ఎత్తుకోవడం తప్పని నేననడం లేదు. రేపు నా బిడ్డకు కాన్పయితే నేనూ పోతాను. నేననేదల్లా, ఆడమనిషి జీతం లేకుండా దేశం దాటి పనిచేయడం మనకు కొత్త కాదు అని. ఆ పని సొంత ఇంటి గడప లోపల ఉన్నంతసేపు ఎవరికీ కనిపించదు. గడప అవతల చేస్తానంటేనే పిచ్చి అంటారు.

ఇక డర్బన్ సంగతి. అక్కడ తెలుగువాళ్ళు ఎక్కడి నుంచి వచ్చారని నన్ను చాలామంది అడిగారు, సాఫ్ట్‌వేర్ వాళ్ళా అని. కాదు. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి బయల్దేరిన ట్రూరో అనే ఓడ డర్బన్ రేవుకు చేరింది. చెరకు తోటల్లో కూలికి ఐదేళ్ళ ఒప్పందం మీద తీసుకుపోయిన మనుషులు అందులో ఉన్నారు. మొదటి ఏడాది నెలకు పది షిల్లింగులు కూలి. 1911లో ఈ పద్ధతి ఆగేలోపు లక్షా యాభై వేలకు పైగా మనుషులు అలా నటాల్‌కు చేరారు. తమిళులు, తెలుగువాళ్ళు, భోజ్‌పురి మాట్లాడేవాళ్ళు. మనవాళ్ళు ఎక్కువగా విశాఖపట్నం, గంజాం వైపు కోస్తా నుంచి పోయినవాళ్ళు. నాయుడు అక్కడ నైడూ అయ్యాడు, అప్పలస్వామి ఇంటిపేరుగా మారిపోయాడు. 1931లోనే ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. తర్వాత 1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టం కింద ఇళ్ళు ఖాళీ చేయించి చాట్స్‌వర్త్, ఫీనిక్స్ లాంటి చోట్లకు తరలిస్తే, అక్కడా గుడి కట్టుకుని భజనలు పాడుకున్నారు.

ఇంకొక సంగతి చాలామందికి తెలియదు. 1996 నాటి దక్షిణాఫ్రికా రాజ్యాంగంలో తెలుగు పేరు ఉంది. అధికార భాషగా కాదు. అక్కడి సమాజాలు వాడుకునే భాషలను ప్రోత్సహించాలి, గౌరవించాలి అని రాసిన చోట జర్మన్, గ్రీక్, గుజరాతీ, హిందీ, తమిళం, ఉర్దూలతో పాటు తెలుగును కూడా పేరు పెట్టి రాశారు. బి.ఏ. తెలుగు చదివిన నాకు కూడా ఈ సంగతి వదినె చెప్పేదాకా తెలియదు. రాజ్యాంగంలో పేరుంది, ఇళ్ళల్లో మాట లేదు. ఐదారు తరాలు గడిచాక పిల్లలు ఇంగ్లీషే మాట్లాడుతున్నారు. వీడియో కాల్‌లో ఒక పెద్దావిడ తన భజన పుస్తకం తెరిచి చూపించింది. తెలుగు పాటలే, ఇంగ్లీషు అక్షరాల్లో. చక్కగా పాడింది. అర్థం అడిగితే నవ్వి, "మా నాయనమ్మకు తెలుసు" అని ఇంగ్లీషులో చెప్పింది.

ఆ కాల్ అయ్యాక మా ఆయన ఒక ప్రశ్న వేశాడు. మంచి ప్రశ్నే. "వాళ్ళ పెద్దలు కోస్తావాళ్ళు. మా అక్క మాట్లాడేది తెలంగాణ తెలుగు. ఎవరి తెలుగు నేర్పుతదట?"

దీని మీద నాకు గట్టి అభిప్రాయమే ఉంది. మేం చదువుకునే రోజుల్లో పుస్తకంలో ఉన్న తెలుగు వేరు, ఇంట్లో మాట్లాడే తెలుగు వేరు. క్లాసులో "పోతున్న" అంటే పిల్లలు నవ్వేవాళ్ళు, సినిమాలో మన మాట మాట్లాడేవాడు రౌడీ అన్నా కావాలి, జోకర్ అన్నా కావాలి. మన నోట్లో మాటే తప్పు అని వింటూ పెరిగితే ఎట్లా ఉంటుందో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. అలాంటప్పుడు డర్బన్ పెద్దావిడ నోట్లో ఇంకా మిగిలి ఉన్న నాలుగు పాత మాటలు మన తెలుగులా లేవని దిద్దితే, మనం ఎవరికి చేసినట్టు? ఆ మాటలు ఏనాడో ఓడ ఎక్కినవి. ముందు వాటిని రాసుకోవాలి, తర్వాతే మన వాచకం తీయాలి. వదినెకు ఈ మాట నేను చెప్పబోతే, "నాకు చెప్తున్నవా మరదలా, నేను గోండుగూడెంల పని చేసినదాన్ని" అన్నది.

నిజమే. ఆమెకు చెప్పాల్సింది లేదు. మొదటిసారి ఉట్నూరు లోపలి బడికి పోస్టింగ్ వచ్చినప్పుడు ఒకటో తరగతి పిల్లలకు తెలుగు రాదు, ఈమెకు గోండి రాదు. ఒక పిల్ల పొద్దున నుంచి "యేర్, యేర్" అంటుంటే ఏమిటో తెలియక పలక చేతికిచ్చి కూర్చోబెట్టింది. గోండిలో యేర్ అంటే నీళ్ళు. వంటమనిషి వచ్చి చెప్పేదాకా ఆ పిల్ల దాహంతోనే ఉంది. మన 'ఏరు' పక్కన పెట్టి చూస్తే ఎంత దగ్గరి మాట! ఆ ఏడాది నుంచి వదినె రోజుకు ఐదు గోండి మాటలు చొప్పున వంటమనిషి దగ్గరే నేర్చుకుంది. జీతం తెలుగు చెప్పినందుకు వచ్చేది, పిల్లలు బడిలో నిలిచింది మాత్రం గోండి వల్లనే అంటుంది.

ఆదిలాబాద్ వాళ్ళకు ఈ పాఠం కొత్తది కూడా కాదు. జైనూరు దగ్గర మార్లవాయి ఉంది కదా. 2021లో గుస్సాడీకి పద్మశ్రీ అందుకున్న కనక రాజు గారి ఊరు. ఆ ఊరికి 1940ల మొదట్లో పరదేశం నుంచి ఇద్దరు వచ్చి గుడిసెలో కాపురం పెట్టారు. హైమన్‌డార్ఫ్, ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్. ఆయనది వియన్నా, ఆమెది ఇంగ్లండు. యుద్ధం మొదలయ్యేసరికి ఆయన చేతిలో జర్మన్ పాస్‌పోర్టు ఉండడంతో బ్రిటిష్‌వాళ్ళు శత్రుదేశపు మనిషి అని లెక్కగట్టి హైదరాబాద్ సంస్థానంలోనే ఉండమన్నారు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం నేలకొరిగాక గోండుల బాధలేమిటో తెలుసుకునే పని నిజాం సర్కారు ఆయనకు అప్పగించింది. అంటే సేవ చేద్దామని ఇల్లు విడిచి వచ్చిన దంపతులు కాదు వాళ్ళు. పరిస్థితులు తెచ్చి పడేశాయి. కానీ వచ్చాక చేసిన పని చూడండి. ముందు భాష నేర్చుకున్నారు. 1943లో మార్లవాయిలో పంతుళ్ళ శిక్షణ కేంద్రం పెట్టించారు. పంతుళ్ళను పట్నం నుంచి తేలేదు, కాస్త అక్షరం వచ్చిన గోండు యువకులనే కూర్చోబెట్టి తయారుచేశారు. మొదటి వాచకాలు గోండిలోనే, దేవనాగరి అక్షరాల్లో అచ్చువేయించారు. సర్కారు నడిచేది ఉర్దూలో అయినా పిల్లవాడి మొదటి పాఠం పిల్లవాడి ఇంటి మాటలో.

ఆమె గురించి తక్కువ మాట్లాడతారు. ఆయన పుస్తకాల్లో కొన్నింటికి ఆమె సహకారంతో అని పేరు ఉంటుంది, అంతే. 1987 జనవరి 11న హైదరాబాద్‌లో చనిపోతే మార్లవాయిలో సమాధి చేశారు. ఆయన 1995లో లండన్‌లో పోయారు, ఆయన సమాధీ ఆమె పక్కనే ఉంది. ఏటా జనవరిలో గోండులు అక్కడికి పోయి దండం పెట్టుకుంటారు. నన్నడిగితే సమాధి కంటే ఆ శిక్షణ కేంద్రమే పెద్ద సంగతి. బయటి మనిషి వెళ్ళిపోయినా పాఠం ఆగకుండా ఊరి మనిషి చేతికి సుద్దముక్క ఇవ్వడం.

అందుకే వదినె ముందు నేను పెట్టిన మొదటి షరతు ఇది. డర్బన్‌లో నువ్వు పిల్లలకు పాఠం చెప్తే సరిపోదు, అక్కడి ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళకు అ ఆల నుంచి నేర్పి, రెండో ఏడాది వాళ్ళ చేత చెప్పించాలి, నువ్వు వెనక బెంచీలో కూర్చోవాలి. మూడు నెలలు పోయి ఫొటోలు దిగి వచ్చేవాళ్ళ మీద నాకు గౌరవం తక్కువ. మూడు నెలల్లో పిల్లల పేర్లు సరిగా పలకడమే వస్తుంది. రెండేళ్ళు కావాలి, ఆ రెండేళ్ళకూ ఒక చివర కావాలి.

రెండో షరతు లెక్కలు. "సేవ" అనే మాట నాకు ఇక్కడ నచ్చదు. సేవ అనగానే ఎవరూ లెక్క అడగరు, అడిగితే చిన్నబుచ్చుకుంటారు. నేను వీడియో కాల్‌లోనే అడిగాను. తిరుగు టికెట్టు ఎవరిది? ఇన్సూరెన్సు ఎవరిది? ఆమెకు షుగరు ఉంది, నెలకు మందులు ఇంత అవుతాయి, జ్వరమొస్తే ఆసుపత్రికి ఎవరు తీసుకుపోతారు? రాత్రి క్లాసయితే గదికి ఎవరు దింపుతారు? మా ఆయన కాలితో నా కాలు తొక్కుతున్నాడు, ఆపమని. వాళ్ళేమీ చిన్నబుచ్చుకోలేదు. రాసి పంపారు. పోయే టికెట్టు వాళ్ళది, వచ్చే టికెట్టు, ఇన్సూరెన్సు మనవి. దింపడానికి రెండు కుటుంబాలు వంతులేసుకున్నాయి. తెలిసిపోయింది కదా, ఇక ఎవరికీ బాధ లేదు. గల్ఫ్ ఏజెంట్ల చేతిలో ఎన్ని ఇళ్ళు మునిగాయో చూసిన ఊరివాళ్ళం, జీతం లేని పనికైనా కాగితం రాయించుకోవద్దా?

మిగతా కాగితాల పని మామూలే. పోలీసు క్లియరెన్సు, డాక్టరు సర్టిఫికెట్టు, ఛాతీ ఎక్స్‌రే. పింఛను తీసుకునేవాళ్ళు ఏటా బతికే ఉన్నామని రుజువు ఇవ్వాలి కాబట్టి డర్బన్‌లో ఉండి బతికి ఉన్నట్టు ఎట్లా చూపాలన్నది ఒక రోజంతా నడిచింది. ఈ మధ్య వదినె జులూ మాటలు కూడా నేర్చుకుంటోంది. ఆ రాష్ట్రంలో ఎక్కువమంది జులూలే. పాలు అమ్మేవాళ్ళతో, బస్సు నడిపేవాళ్ళతో మాట్లాడకుండా రెండేళ్ళు మనవాళ్ళ మధ్యే తిరిగి వస్తానా అంటుంది. వాళ్ళ నమస్కారం "సావుబోనా" అట, నిన్ను చూస్తున్నాం అని అర్థం. మా ఇంట్లో పొద్దున్నే అందరికీ అదే చెప్తోంది.

అసలు చిక్కు వేరే ఉంది. మా అత్తమ్మ. ఎనభై రెండేళ్ళు. కిందటేడు తుంటి విరిగి ఆపరేషన్ అయ్యాక వాకర్ పట్టుకుని బాత్రూం దాకా పోగలదు, అంతే. ఉండేది మా దగ్గర. వదినె ప్రతి రెండో శనివారం నిర్మల్, జగిత్యాల మీదుగా బస్సెక్కి వచ్చి ఆదివారం సాయంత్రం దాకా తల్లిని చూసుకుంటుంది. నెలలో నాకు దొరికేది ఆ రెండు రోజులే. ఒకసారి మా అమ్మ దగ్గరికి పోతాను, ఒకసారి ఊరికే పడుకుంటాను. వదినె డర్బన్ పోతే ఆ రెండు రోజులు పోతాయి.

వాలంటీర్ల గురించి చదివిన వ్యాసాల్లో ఎక్కడా ఈ ముచ్చట రాయరు. ఒక ఆడమనిషి జీతం లేకుండా ఊరికి మేలు చేయడానికి బయల్దేరిందంటే, ఆమె వెనక ఇంకో ఆడమనిషి జీతం లేకుండా ఆమె వంతు పని ఎత్తుకుంటుంది. మగమనిషి బయల్దేరినా అంతే. దండలు ఒకరికి పడతాయి, రాత్రి మూడింటికి బెడ్‌పాన్ ఇంకొకరు తీస్తారు. వదినె పోవాలన్నదే నా మాట, ఇప్పటికీ అదే. కానీ నా రెండు రోజులు లెక్కలోకి రాకుండా పోవద్దు. అది కూడా టికెట్టు, ఇన్సూరెన్సు లాగే కాగితం మీద ఉండాలి.

కూర్చుని మాట్లాడుకున్నాం. వదినె పింఛనులోంచి నెలనెలా కొంత ఇస్తుంది, పగటిపూట ఒక సహాయకురాలిని పెట్టుకుంటాం. రెండో శనివారం, ఆదివారం రాత్రీ పగలూ మా ఆయనది. కన్నతల్లే కదా. "నాకు రాదు" అన్నాడు. నాకూ రాలేదు, నేర్చుకున్నాను అన్నాను. వదినె కొడుకు మాత్రం ఇంకా అలిగే ఉన్నాడు. మనవడికి రోజూ డర్బన్ నుంచి వీడియోలో కథ చెప్తానన్నా వినడు. అలగనివ్వండి. తల్లి తన చేతిలో ఉండాల్సిన వస్తువు అనుకునే కొడుకులకు కొంత అలక మంచిదే.

అత్తమ్మకు ఎవరు చెప్పాలి అన్నది మిగిలింది. నేను పోయేలోపు అమ్మకేమన్నా అయితే అన్న భయం వదినెకు, పైకి అనదు. విమానం దుబాయి మీదుగా, ఎంత తొందరగా బయల్దేరినా ఇల్లు చేరేసరికి ఒక రోజు పైనే. చివరికి వదినె తనే పక్కన కూర్చుని చెప్పింది. అత్తమ్మ అంతా విన్నది. "పైసలిస్తరా?" అన్నది. ఇవ్వరన్నది వదినె. "అన్నం?" గది ఇస్తారు, వండుకుంటానన్నది. కాసేపు ఊకున్నది. తర్వాత, "నేను పోతే నీ కోసమని నన్ను ఐసు పెట్టెల పెట్టి ఆపకుండ్రి. నాకు సలి పడది" అన్నది. నవ్వాలో ఏడవాలో తెలియక ఇద్దరం అట్లాగే కూర్చున్నాం. ఆ సాయంత్రమే వదినెను పిలిచి, గా దేశంల పిల్లలకు ముందుగాల ఏం నేర్పుతవు అని అడిగింది. 'అమ్మ' అని రాయడం అన్నది వదినె. "అది అందరు నేర్పేదే. 'నీళ్ళు' నేర్పు" అన్నది అత్తమ్మ. యేర్ కథ వదినె ఆమెకు ఎప్పుడు చెప్పిందో నాకు తెలియదు.

వీసా కాగితాలు పోయిన సోమవారం ఇచ్చి వచ్చారు. రావడానికి ఇంకా వారాలు పట్టవచ్చు. వదినె పోయేది జనవరిలో అయినా, మా ఆయన వంతు మాత్రం ఈ రెండో శనివారం నుంచే మొదలుపెట్టించాను. అత్తమ్మకు ఏ పూట ఏ మాత్ర, తలకు నూనె ఎంత, వాకర్ ఏ పక్కన పెట్టాలి అన్నీ కాగితం మీద రాసివ్వమన్నాడు. రాయను, వచ్చి పక్కన నిలబడి చూడమన్నాను.